కారం తుమ్ము

మర అత్త ఇంట్లో ఎవరైనా తుమ్మితే ఎవరూ తలెత్తి చూడరు. కారం మర పెట్టుకున్న కొంపలో తుమ్ముల్ని పట్టించుకుంటూ కూర్చుంటే పని సాగినట్టే. మిగతా ఇళ్ళల్లో పిల్ల తుమ్మితే తల్లి "నూరేళ్ళు" అంటుంది. మర అత్త కూతుర్ని కంది, పెంచింది, పెళ్ళి చేసింది గానీ ఆ మాట ఒక్కసారైనా అన్న పాపాన పోలేదు. మొదలుపెడితే పొద్దస్తమానం అదే అంటూ ఉండాలి, మిరపకాయలు మీ తాత ఆడిస్తాడా అనేది ఆమె వాదన.

ముందు గదిలో ఒక మూల పిండి మర, ఇంకో మూల కారం మర. గోడలు, కిటికీ ఊచలు, బల్బు, బల్బుకి పట్టిన బూజు, అన్నీ ఒకటే ఎరుపు. వచ్చినవాళ్ళు కూర్చోడానికి గోడ వారగా పొడుగాటి బల్ల ఉంది. ఆ బల్లని ఆనుకునే ఇంట్లోకి వెళ్ళే గుమ్మం. పొడి లోపలికి పోకుండా ఆ గుమ్మానికి ఒక తడి దుప్పటి వేలాడుతూ ఉంటుంది. దుప్పటి వెనక రెండు గదులు, వాటి వెనక పెరడు.

ఆ గదుల్లో ఇప్పుడు కూతురుంది. అల్లుడు లారీతో ఊళ్ళు తిరుగుతుంటాడు గనక కాన్పు అయ్యేదాకా అమ్మ దగ్గరే ఉంటానని వచ్చింది. నెలలు నిండుతున్నాయి. "ఈ సమయంలో ఫ్లూ తగిలితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పే, జాగ్రత్త" అని డాక్టరమ్మ చెప్పిన దగ్గర్నుంచీ మర అత్తకి కంటి మీద కునుకు లేదు. కూతుర్ని గుమ్మం దాటనివ్వదు. చేతులు మోచేతిదాకా తోముకుంటే గానీ ఆమె కంచం ముట్టుకోదు.

ఊళ్ళోకి ఫ్లూ వచ్చింది. అది మామూలుగానే వచ్చింది, జనమే మామూలుగా లేరు. పక్కింటి బెల్లు అగ్గిపుల్లతో నొక్కి, ఆ పుల్లని ఆ ఇంటి గుమ్మంలోనే పడేసి వెళ్ళేవాళ్ళు. తుమ్మాడని ఒక ముసలాయన్ని బస్సులోంచి నడిదారిలో దింపేశారు. అన్నదమ్ములు గోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి, నీ పిల్లాడు దగ్గాడంటే నీ పిల్లాడు దగ్గాడని తిట్టుకున్నారు. నిన్నటిదాకా "నూరేళ్ళు" అన్న నోళ్ళే తుమ్మినవాణ్ణి "ఇంట్లో పడి చావు" అన్నాయి. వీధంతా ఒకరిమీద ఒకరు కారాలూ మిరియాలూ నూరుతుంటే, నిజంగా కారం నూరుతున్నది మర అత్త ఒక్కతే.

ఈ భయానికి పెద్దదిక్కు మైకు మావయ్య. వీధి సంఘానికి పెద్ద. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ఆస్తి ఒక చేతిమైకు. అది పట్టుకుని రోజూ సాయంత్రం వీధి ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేవాడు. "తుమ్మినవాళ్ళు గడప దాటకూడదు. దగ్గినవాళ్ళు దాచకూడదు. మీ పక్కింటివాళ్ళు దాస్తే మీరు చెప్పండి. ఇది మన ప్రాణాల సమస్య." చెప్పడానికి ఎవరూ వెనకాడలేదు. ఆ రోజుల్లో వీధిలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానలేదు.

వీధి చివర మేడ మీద గదిలో ఆస్పత్రి నర్సు అద్దెకుంటుంది. రోజంతా ఫ్లూ రోగుల మధ్య తిరిగే మనిషి మన మధ్య ఎలా ఉంటుందని మైకు మావయ్య గొడవ లేవదీశాడు. ఆమె మెట్లకి అడ్డంగా తాడు కట్టారు. పాలవాణ్ణి అటు వెళ్ళద్దన్నారు. ఎవరో మెట్ల మీద చెత్త కుమ్మరించారు. అందులో ముక్కులు తుడిచి పారేసిన గుడ్డలు కూడా ఉన్నాయి. అంటే ముక్కు కారేవాళ్ళు వీధిలో ఉన్నట్టే కదా అని అడిగినవాడు లేడు. ఆమె ఆ తాడు దాటుకునే డ్యూటీకి వెళ్ళేది, దాటుకునే ఇంటికొచ్చేది.

ఆ నర్సు ఒకరోజు గోధుమల సంచీతో మర దగ్గరకొచ్చింది. మర అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మర చెడిపోయిందమ్మా" అంది. ఆమె వెనకాల బెల్టు గిర్రున తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడులో అబద్ధం తనకే సరిగ్గా వినపడక, గొంతు పెంచి మళ్ళీ చెప్పాల్సొచ్చింది. నర్సు బెల్టు వైపు చూసింది, ఆమె వైపు చూసింది. "సరే అత్తా, బాగయ్యాక వస్తాలే" అని వెళ్ళిపోయింది. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే ఎవరైనా ఇంతే చేస్తారని మర అత్త తనకి తాను చెప్పుకుంది. అయినా ఆ పూట ముద్ద దిగలేదు.

చిత్రమేమిటంటే, ఊళ్ళో షాపులన్నీ ఈగలు తోలుకుంటుంటే మర మాత్రం కిటకిటలాడింది. అదీ కారం మరే. ఎప్పుడూ పొట్లాల కారం కొనుక్కునేవాళ్ళు కూడా గుప్పెడు మిరపకాయలు రుమాల్లో కట్టుకుని దిగబడ్డారు. ఆడించేదానికంటే కూర్చునేదే ఎక్కువ. "ముందు వాళ్ళవి కానీ అత్తా, మాకేం తొందర" అని వరసలో వెనక్కి వెనక్కి జరిగేవాళ్ళు. బల్ల మీద భుజానికి భుజం రాసుకుంటూ కూర్చుని, ఇంట్లోనో ఆఫీసులోనో బిగబట్టిన తుమ్ములన్నీ అక్కడ తీరిగ్గా తుమ్మేవాళ్ళు. తుమ్మి, కళ్ళు తుడుచుకుని, "అబ్బ, ఏం ఘాటు" అనేవాళ్ళు. ఆ మాట అందరూ ఒకే గొంతుతో అనడం చూసి మర అత్తకి విషయం అర్థమైంది. ఊరు మొత్తంలో తుమ్మినా ఎవరూ వేలెత్తి చూపని చోటు ఇదొక్కటే. తన మర తుమ్ములదొడ్డి అయింది.

అర్థమయ్యాక ఆమెకి అన్నం సయించలేదు. సాయంత్రం ఊడ్వబోతే చీపురుకి నేల అంటుకునేది. బల్ల అంచు కింద వేళ్ళు పెడితే జిగురు. కిటికీ ఊచలకి చీమిడి ఎండి, దానిమీద కారం పడి, ఎర్రగా పొలుసులు కట్టింది. ఒకాయన చేతిలోకి తుమ్మి, ఆ చెయ్యి గోధుమల బస్తాకి రాసి, ఏమీ ఎరగనట్టు పైకప్పు వంక చూశాడు. ఒకావిడ నర్సుని నోటికొచ్చినట్టు తిడుతూ తిడుతూ మధ్యలో ఆగి తుమ్మి, మళ్ళీ తిట్టు ఎక్కడాపిందో అక్కడ అందుకుంది. ఛీ, మనుషులా వీళ్ళు అనిపించేది.

మరి తరిమేయచ్చు కదా? చీపురు తిరగేసి పట్టుకుంటే ఒక్క పూట పని. కానీ మర తిరుగుతోంది, గల్లాపెట్టె నిండుతోంది, కాన్పు ఖర్చు ముందుంది. కూతురు లోపలే ఉంది, గుమ్మానికి తడి దుప్పటి ఉంది, తను చేతులు తోముకుంటూనే ఉంది, ఇంకేం కావాలనుకుంది. దుప్పటి వెనక నుంచి మధ్యమధ్య కూతురి తుమ్ములు వినపడేవి. కారం ఇంట్లో పుట్టిన పిల్ల, తుమ్మదా మరి.

మైకు మావయ్య కూడా రావడం మొదలుపెట్టాడు. మొదటిరోజు పావుకిలో తెచ్చాడు, తర్వాత గుప్పెడు. మైకు ఒళ్ళో పెట్టుకుని బల్ల చివర, గుమ్మం పక్కన కూర్చునేవాడు. అందరికంటే గట్టిగా తుమ్మేది ఆయనే. "నీ మర మా చెడ్డ ఘాటు చెల్లెమ్మా" అని మెచ్చుకునేవాడు. గురివింద గింజకి కింద నలుపు కనపడదంటారు. ఈ గింజ నలుపు తెలిసే కారంలో దాక్కుంది.

ఒకరోజు పొద్దున ఆయన వరసగా తుమ్మాడు. జేబులు తడుముకున్నాడు, రుమాలు లేదు. అటూ ఇటూ చూసి, పక్కన వేలాడుతున్న దుప్పటి అంచు అందుకుని, ముక్కు శుభ్రంగా చీది, తుడుచుకుని, వదిలేశాడు. చెయ్యి అలవాటుగా వెళ్ళి అలవాటుగా వచ్చింది. దాన్నిబట్టి ఇది మొదటిసారి కాదని మర అత్తకి తెలిసింది. ఆ అంచు చూసింది. ఆ మూలంతా ఆరిపోయి, గంజి పెట్టినట్టు బిరుసెక్కి ఉంది. అంటే ఆయన ఒక్కడే కాదు, బల్ల చివర కూర్చున్న ప్రతివాడికీ అది రుమాలే. ఆ దుప్పటిని పూటపూటా తీసి, తడిపి, పిండి, మళ్ళీ కట్టేది కూతురు. ఆ పని పిల్లకి అప్పగించింది తనే.

ఆమె నేరుగా వెళ్ళి మర ఆపేసింది. "లేవండి అందరూ. బయటికి నడవండి" అంది. "ఏమైంది అత్తా?" అన్నారు. "బెల్టు వేడెక్కింది. చల్లారేదాకా వీధిలో నిలబడండి."

అందరూ సంచులు పట్టుకుని ఎండలోకి నడిచారు. మంచి గాలి వీస్తోంది. మర అత్త బక్కెట్ల కొద్దీ నీళ్ళు కొట్టి నేల కడిగింది, ఎగిరే పొడి అణిగిపోయింది. తర్వాత గుమ్మంలో పీట వేసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. కారం తుమ్ము గడప దాటితే ఎంతోసేపు ఉండదు. నాలుగు సార్లు మంచి గాలి పీలిస్తే చాలు, ఆగిపోతుంది. ఆగనిది కారం తుమ్ము కాదు. వీధిలో వాళ్ళకీ ఆ సంగతి నెమ్మదిగా తలకెక్కింది. తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. ముక్కులు నొక్కుకుని, పళ్ళు బిగించి, కళ్ళు ఎర్రబడి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా.

మైకు మావయ్య చాలాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత భుజాలెగిరేలా తుమ్మాడు. వెంటనే ఇంకోటి. "ఘాటు..." అనబోయాడు. వీధిలో ఘాటు లేదు. పక్కవాళ్ళు తాడు తెగినట్టు చెదిరిపోయారు. "మావయ్యకి జబ్బు" అని అరిచిందొకామె. అరుస్తూ తనూ తుమ్మింది. ఎవరో ఆయన సంచీని కాలితో తన్నారు. ముక్కు తుడుచుకుంటూనే ఒకడు ఆయన మీదికి చెప్పు విసిరాడు. నిమిషంలో వీధి ఖాళీ. తలుపులు వేసుకున్న చప్పుళ్ళు, మిరపకాయలు, ఒక చెప్పు మిగిలాయి.

మర అత్త నవ్వింది. నవ్వుతూనే రోతపడింది, ఆయన్ని చూసి ఎంతో, చెప్పు విసిరినవాణ్ణి చూసి అంతే. షట్టరు దించి, చీపురు కర్రతో ఆ దుప్పటి ఊడదీసి, తగలబెట్టడానికి పెరట్లోకి పట్టుకెళ్ళింది. కూతురికి ఇదంతా చెప్పి నవ్వించాలనుకుంది.

పెరట్లో కూతురు వెనక గోడ దగ్గర రాతి మీద కూర్చుని ఉంది. తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. తర్వాత పొట్ట పట్టుకుని దగ్గింది.

మర ఆగిపోయి చాలాసేపయింది. పెరట్లో చెట్ల గాలి తప్ప ఇంకేం లేదు.

"ఎంతసేపయిందే ఇక్కడికొచ్చి?" అంది మర అత్త.

"తెల్లారినప్పట్నుంచీ ఇక్కడే ఉన్నానమ్మా. లోపల ఊపిరాడ్డం లేదు."

"ఈ తుమ్ములు?"

"మొన్నట్నుంచీ. రోజూ ఉండేవే కదా, కారమేలే అనుకున్నాను."

మర అత్త ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టింది. కాలిపోతోంది. ఆ తుమ్ములు మొన్నట్నుంచీ తనూ వింది. వింటూ కారం ఆడించింది. చేతిలో చీపురు కర్ర, దాని కొసన ఆ దుప్పటి ఇంకా అలాగే ఉన్నాయి. ఇందాక వీధిలో వాళ్ళని చూసి పడ్డ అసహ్యమంతా ఒక్కసారిగా ఇంటికొచ్చి తన మీద కూర్చుంది. బల్ల వేసింది తను. కూర్చోనిచ్చింది తను.

చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి వీధి చివరికి పరిగెత్తింది. మెట్ల కింద తాడు పట్టుకుని, "నర్సమ్మా" అని పిలిచింది. నర్సు పైనుంచి తొంగిచూసింది. అప్పుడే డ్యూటీ దిగినట్టుంది, మొహం పీక్కుపోయి ఉంది.

"మర బాగయిందా అత్తా?" అంది.

మర అత్త తాడు ముడి విప్పబోయింది. అది ఊడలేదు. పళ్ళతో పట్టి లాగింది. "చెడిపోలేదమ్మా. ఆ రోజూ చెడిపోలేదు. నా పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది, నెలలు నిండిన పిల్ల" అంది. నర్సు వెంటనే వెనక్కి తిరిగింది. లోపలికెళ్ళి సంచీ తెచ్చుకుంది. తాడు విప్పేదాకా ఆగకుండా ఎప్పటిలాగే దాన్ని దాటుకుని కిందికొచ్చింది.

పెరట్లో కూతురి నాడి చూసి, ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "ఆలస్యం చెయ్యద్దు అత్తా, ఇప్పుడే ఆస్పత్రికి వెళ్ళాలి. బిడ్డ కదులుతోంది, అది మంచిదే. మిగతాది అక్కడ చూస్తారు" అని అంబులెన్సుకి ఫోన్ చేసింది. బాగైపోతుందని అనలేదు. మర అత్తా అడగలేదు.

బండి వీధి మొదట్లో ఆగింది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని నడిపిస్తుంటే కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మైకు మావయ్య ఇంట్లోంచి మైకు మోగింది. "అందరికీ మనవి. మన వీధిలోకి జబ్బు కారం మర నుంచే వచ్చిందని తేలింది. ఎవరూ అటు..." అంటూ మైకులోనే తుమ్మాడు. ఆ తుమ్ము వీధంతా మోగింది. ఒక్క కిటికీ కూడా మూసుకోలేదు.

అంతలో కూతురు తుమ్మింది. చిన్న తుమ్ము, చీర కొంగులో. కిటికీలు టపటపా మూసుకున్నాయి.

మర అత్త ఆగింది. కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "నూరేళ్ళు" అంది.