కుడివైపు తిరిగిన గొట్టం

రోజూ పొద్దున్న పాలు పొంగాక ఈశ్వరి మేకుకి వేలాడే కారు తాళం తీసి కోడలి చేతికి ఇచ్చేది. సుహాసిని వాకిట్లోకి వెళ్ళి లేతనీలం ఫియట్ కారు స్టార్ట్ చేసేది. ఈశ్వరి చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, కారు వెనక్కి వెళ్ళి, పొగ తగలకుండా కొంచెం ఒదిగి నిలబడేది. అప్పటికే అక్కడ వీధిలోవాళ్ళు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉండేవాళ్ళు. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో తెలియని దేవేంద్ర మాస్టారు ఒకరు. ఎదురింటి కుమారి ఇంకొకతె. ఆమె ముందురోజు మొగుడితో దెబ్బలాట మధ్యలో అనవలసిన మాట మరిచిపోయి, అది తెలుసుకుని వెళ్దామని వచ్చేది.

ఆ కారు సైలెన్సర్ శబ్దం వింటే మరిచిపోయినవి గుర్తొస్తాయి. సాలూరులో ఆ వీధివాళ్ళందరికీ, బోరు నీళ్ళు ఉప్పన అని తెలిసినట్టే, ఈ సంగతీ తెలుసు.

"బియ్యం డబ్బా మీద," అని గొణుక్కుంటూ మాస్టారు ఇంటికి వెళ్ళిపోయేవారు. కుమారి నడుము బిగించి గబగబా గుమ్మం దాటేది. ఈశ్వరి మాత్రం చివరిదాకా నిలబడేది. గరిటెని గరిటె అంటారని, పక్కింటి పాపకి అరుణశ్రీ అని పేరు పెట్టారని, మొగుడు నరసింగరావు పోయి చాలా కాలమైందని, అన్నీ ఒకటొకటిగా తిరిగొచ్చి వాటి వాటి చోట్ల కూర్చునేవి. సాయంత్రం దీపం పెట్టేదాకా అవి అక్కడే ఉండేవి. ఆ తరవాత ఒకటి రెండు జారిపోయినా ఆమె బెంగపడేది కాదు. తెల్లారితే కారు ఉంది.

ఆ కారు నరసింగరావు కొన్నది. ఆయనకి లారీలు ఉండేవి. లారీ ఉన్న ఇంట్లో ఆడమనిషికి స్టీరింగు రాకపోతే నవ్వుతారని ఈశ్వరికి ఆయనే డ్రైవింగు నేర్పాడు. అప్పటినుంచి బొబ్బిలిలో ఉన్న అక్క కూర్మమ్మ ఇంటికి ఆమె తనే తోలుకుని వెళ్ళి వచ్చేది. ఆ రోడ్డు మీద లారీవాళ్ళు ఆమెను దాటి వెళ్ళేవారు కాదు. ఫియట్ వెనకాలే మెల్లగా వెళ్తే ఇంటికి ఏం తెమ్మన్నారో గుర్తొస్తుందని వరసగా వచ్చేవారు.

కిందటి నెల ఆమె బొబ్బిలి బయల్దేరి రామభద్రపురం జంక్షన్ దగ్గర ఎడమకి తిరగడం మరిచిపోయింది. తిన్నగా వెళ్ళి గజపతినగరంలో ఆగింది. ఎక్కడికి బయల్దేరిందో తెలియలేదు. టీ కొట్టు ముందు బల్ల మీద, ఎవరో తీసుకువెళ్ళడానికి వస్తారన్నట్టు కూర్చుంది. సాలూరు లారీ డ్రైవరు పోతురాజు కారుని గుర్తుపట్టి ఆమెను ఇంటికి చేర్చాడు.

కొడుకు గిరిబాబు తాళం తీసుకుని మేకుకి తగిలించాడు. లారీ వేసుకుని ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే కారు ఒక స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడి, తుప్పు పట్టిన సైలెన్సర్ ఊడి రోడ్డు మీద పొడిపొడి అయిపోయింది.

సైలెన్సర్ లేని కారు పిండిమరలా అరిచింది తప్ప ఎవరికీ ఏదీ గుర్తురాలేదు. మాస్టారు కళ్ళజోడు లేకుండానే తిరిగారు. కుమారి ఇంట్లో దెబ్బలాటలు ఎటూ తేలకుండా సాగాయి. ఈశ్వరి పులుసులో రెండుసార్లు ఉప్పు వేసింది. గ్యాసు వెలిగించి గిన్నె పెట్టడం మరిచిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తున్న కోడలివైపు మర్యాదగా చూసి, "నీ పేరేటమ్మా?" అంది.

సుహాసిని గరిటె కింద పెట్టింది. "సుహాసిని, అత్తా," అంది, అప్పుడే పరిచయం అవుతున్నట్టు. తరవాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

గిరిబాబు ఘాట్ దిగి వచ్చాక ఈ సంగతి విన్నాడు. కాళ్ళు కడుక్కుని తల్లి ముందు కూర్చున్నాడు.

"అమ్మా, ఆ కారుకి సైలెన్సర్ ఏయిద్దాం. పని సేసిందా సరే. సెయ్యకపోతే తాళం నాకిచ్చేయాల. మళ్ళీ నువ్వు స్టీరింగు ముట్టుకోకూడదు."

"కారు ఏటి సేస్తావు?"

"పాత ఇనుము కొట్టుకి ఇచ్చేస్తాను."

ఈశ్వరి కొడుకు కాళ్ళవైపు చూసింది. "మరి బొబ్బిలి ఎలగెల్తాను?"

"నాను దింపుతాను."

"నువ్వు కోరాపుట్ లో ఉంటావు కదరా."

గిరిబాబు లేచి మెకానిక్ కి కబురు పంపాడు.

లారీల మెకానిక్ ధనరాజుకి ఈశ్వరి పెద్దమ్మ కూతురు, అక్క వరస. ఆయన కారు కిందకి దూరి, బయటికి వచ్చి, నోట్లోని కిళ్ళీ పక్కకి తోసి, "అప్పా, ఈ బండికి సైలెన్సర్ ఇప్పుడెక్కడా దొరకదు. ఇది పుట్టినప్పుడు నాను లాగూ ఏసుకున్నాను," అన్నాడు.

"దొరక్కపోతే?"

"ఏరేది ఏస్తాను. ఘాట్ లో ఎర్ర స్పోర్ట్సు కారు సెట్టుకి కొట్టుకున్నాది సూడు, ఆ కుర్రోళ్ళకి దెబ్బల్లేవు గానీ బండి పోనాది. దాని సైలెన్సర్ తుక్కు కొట్లో ఉన్నాది. స్టీలు. కొత్త పెళ్ళికూతురు బిందెలా మెరిసిపోతన్నాది."

"స్పోర్ట్సు కారుది మన బండికేటి?" అన్నాడు గిరిబాబు.

"పొగెల్లడానికి కన్నముంటే సాలు. నువ్వు లారీ తోలు, నాను పని సేస్తాను."

ఆ సైలెన్సర్ ఫియట్ కింద ఎక్కడా పట్టలేదు. పెద్ద సొరకాయంత లావున ఉంది. వెనకాల రెండు మూతులు. దాని గొట్టం నోరు పెద్దది, ఫియట్ గొట్టం సన్నం. ధనరాజు రేకు చుట్టి గరాటు చేసి ఆ రెండూ కలిపి వెల్డింగు పెట్టాడు. డిక్కీ కింద అడ్డంగా ఇరికించి, లారీ టైరు రబ్బరు పట్టీలు కోసి వేలాడగట్టాడు. పనంతా అయ్యేసరికి పొద్దు వాలింది. ఇంతలో బయట ఎవరో లారీవాడు హారన్ కొడుతుంటే విసుక్కుంటూ, మాటల మధ్యలోనే రెండు మూతులకీ గొట్టాలు తగిలించి వంచి, బిగించేసి వచ్చాడు.

మర్నాడు పొద్దున్న వీధంతా కారు వెనకాల చేరింది. సుహాసిని తాళం తిప్పింది. శబ్దం వచ్చింది. పాత దానిలా దగ్గుతూ కాదు, బొబ్బిలి వీణ మీద లావుపాటి తీగ మీటి వదిలినట్టు, లోతుగా, నిదానంగా. అందరూ కళ్ళు మూసుకుని ఆగారు.

ఏమీ కాలేదు.

"నాకేటీ రాలేదు," అంది కుమారి.

"కళ్ళజోడు?" అన్నాడు గిరిబాబు.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "కొత్తది కదా, పాత సంగతులు దానికెలా తెలుస్తాయి?"

కారుకి కుడిపక్క ప్రహరీ. దాని అవతల పక్కింటి ఎర్రన్న గేదె కట్టేసి ఉంది. అది ఒక్కసారి చెవులు నిలబెట్టి, తాడు తెంపుకుని, పాచిపెంట రోడ్డు పట్టింది. ఎర్రన్న దాన్ని అక్కడే సంతలో కొన్నాడు. శబ్దానికి బెదిరిందని తిట్టుకుంటూ వెనకాల పరిగెత్తాడు.

వీధివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఈశ్వరి కారు వెనకాల అలాగే నిలబడి ఉంది. ఏదైనా కాస్త ఆలస్యంగా వస్తుందేమోనని చూసింది. తను ఎందుకు నిలబడిందో కూడా సరిగ్గా తెలియని చోటికి వచ్చాక, సుహాసిని వచ్చి చెయ్యి పట్టుకుంది.

గిరిబాబు చెయ్యి చాపాడు. తాళం కోసం.

"ఒక్కపాలి అక్కని సూసొస్తానురా," అంది ఈశ్వరి. "ఇంక కారు మీద రానని సెప్పాల కదా. నువ్వూ పక్కన కూసో. తిరిగొచ్చాక ఇచ్చేస్తాను."

గిరిబాబు తండ్రి పోలిక. కాదనడం అతనికి అంత తేలిక కాదు. ఎడమపక్క సీట్లో కూర్చున్నాడు.

ఊరు దాటేదాకా ఈశ్వరి బాగానే తోలింది. చేతులకి గేర్లు తెలుసు, కాళ్ళకి బ్రేకు తెలుసు. తెలియకుండా పోయేవి పేర్లూ, మలుపులూ. రామభద్రపురం దగ్గరపడుతుంటే గిరిబాబు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చెప్పకూడదనుకున్నాడు. చెబితే ఆమెకి వచ్చినట్టు కాదు, అతనికి వచ్చినట్టు.

జంక్షన్ వచ్చింది. బస్సులు, ఆటోలు, జామకాయల బుట్టలు. ఈశ్వరికి అంతా ఎప్పుడూ చూడని ఊరిలా ఉంది. రోడ్డు రెండుగా చీలి ఉంది, రెండూ తనవి కావు. కాలు బ్రేకు మీద పడింది. వెనకాల హారన్లు మొదలయ్యాయి.

"అమ్మా," అన్నాడు గిరిబాబు నెమ్మదిగా. "దిగు. నాను తోలుతాను."

ఆ తలుపుకి లోపలి పిడి ఎప్పుడో ఊడిపోయింది; బయటి పిడి అందుకుని దిగడానికి ఆమె అప్పటిదాకా మూసి ఉన్న కుడివైపు అద్దం పూర్తిగా దించి తలుపు పట్టుకుంది. దించగానే కారు కిందనుంచి ఆ లావుపాటి తీగ శబ్దం ఆమె చెవిలోకే వచ్చింది. అది ఇదివరకు ఎన్నడూ ఇటువైపు రాలేదు. ఇన్నేళ్ళూ ఆమె తోలుతుంటే అది వెనక్కి, లారీవాళ్ళకి వెళ్ళిపోయేది.

ఈశ్వరి తలుపు మీంచి చెయ్యి తీసింది. ఎడమ చీలికకేసి చూసింది. అది బొబ్బిలి రోడ్డు. ఆ మలుపులో చెప్పులు కుట్టేవాడి గొడుగు ఉంటుంది. ఉంది. పక్కన కూర్చున్నవాడు కొడుకు, వాడికి పచ్చిమిరపకాయ పడదు. ఇంట్లో కోడలి పేరు సుహాసిని.

"సుహాసిని," అంది పైకే.

"ఏటమ్మా?"

"ఆ పిల్లని నొప్పించినాను కదరా మొన్న. పేరడిగినాను." గేరు వేసి ఎడమకి తిప్పింది. "అక్కకి జామకాయలు కొనాల. నువ్వేటి అలగ సూస్తన్నావు, దిగి కొను."

గిరిబాబు దిగి కాయలు కొని, తొందరలో ఆమె వైపునుంచే అందించబోయాడు. కుడిపక్కకి వచ్చి నిలబడ్డాడు. ఇంజను ఆగలేదు. కాయల సంచి చేతిలో ఉండగా అలా ఆగిపోయాడు.

"అమ్మా," అన్నాడు. "సుంకి ఘాట్ లో మంచు. నాకు జొరం. నాన్న ఊళ్ళో లేడు. నువ్వు తలకాయి బయటికెట్టి దారి సూసుకుంటా కిందిదాకా తోలేవు."

"నువ్వప్పుడు బళ్ళో కూడా ఏయలేదురా."

"నీ జుట్టంతా తడిసిపోనాది. పాటలు పాడేవు."

"నువ్వు ఊరుకోమన్నావు."

గిరిబాబు నవ్వబోయి మొహం తుడుచుకున్నాడు. తరవాత వంగి కారు కిందకి చూశాడు. స్టీలు గొట్టాలు రెండూ వెనక్కి కాదు, లారీలకి ఉన్నట్టు కుడిపక్కకి, డ్రైవరు తలుపు వైపుకి తిరిగి ఉన్నాయి.

బొబ్బిలిలో కూర్మమ్మ జామకాయలు తింటూ, "ఇంక రానని సెప్పడానికి వచ్చేవంట కదా, గిరి సెప్పినాడు," అంది.

"అలగన్నానా? మరిసిపోయాను," అంది ఈశ్వరి.

తిరిగి వచ్చేసరికి ధనరాజు వాకిట్లో గ్యాసు వెల్డింగు సామాను దింపుకుని ఉన్నాడు. "అప్పా, రాత్రి పడుకుంటే తెలిసినాది. లారీ అలవాటున కుడిపక్కకి తిప్పేసినాను. కారుకి ఎనక్కుండాల. నిమిషంలో సరిసేసేస్తాను," అన్నాడు.

"మావా," అన్నాడు గిరిబాబు, కారుకీ అతనికీ మధ్య నిలబడి. "దాని మీద సెయ్యేస్తే నా లారీ నీ షెడ్డుకి రాదు."

మర్నాడు వీధివాళ్ళు ఎర్రన్న ప్రహరీ ఎక్కి కూర్చున్నారు. మాస్టారి కళ్ళజోడు ఆయన చొక్కా జేబులోనే ఉంది. పాచిపెంటలో పాత యజమాని దొడ్లో నిలబడ్డ గేదెని ఎర్రన్న తోలుకొచ్చి, వాకిలికి రెండోపక్క కట్టేశాడు.

సాలూరులో ఆడవాళ్ళు తమ ఇంటి లారీ ఘాట్ దిగి వంతెన మీదకి వచ్చిన శబ్దం విని ఎసరు పెడతారు. ఏ శబ్దం ఎవరిదో వాళ్ళకి తెలుసు. తరవాతి వారం గిరిబాబు కోరాపుట్ లో ఉండగా, మేకుకి తాళం లేదని సుహాసిని చూసింది. అత్త అక్క ఇంటికి ఒక్కతే వెళ్ళింది. మధ్యాహ్నం దాటింది. సుహాసిని కూరలు తరిగి, పొయ్యి ముందు ఊరికే కూర్చుంది. రెండుసార్లు గుమ్మందాకా వెళ్ళి వచ్చింది.

అంతలో ఊరి మొదట్లో, వీణ లావుపాటి తీగ మీటినట్టు, లోతుగా, నిదానంగా ఒక శబ్దం.

సుహాసిని లేచి ఎసరు పెట్టింది.