మూడో ట్రే

స్టోరు బాబాయ్ మోకాళ్ల మీద కూచుని, స్టోరులో చివరగా మిగిలిన ఇనప బీరువా కిందకి చెయ్యి చాపి, తుప్పు పట్టిన పంపు మూతల్ని ఒక్కొక్కటే బయటికి లాగుతున్నాడు. ఎప్పుడో తయారీ మానేసిన రకం. తుప్పు అరచేతి గీతల్లోకి దిగి ఎర్రగా కనిపిస్తోంది.

ఆ పంపుల ఫ్యాక్టరీలో పోత, లేతు, రంగు, బిగింపు అని నాలుగు విభాగాలు. ఒకరు చేసింది ఇంకొకరికి అందేలోగా పోగుపడేది ఈయన స్టోరులోనే. పోతవాళ్లు పోస్తూనే ఉండేవారు, లేతువాళ్లు చెక్కుతూనే ఉండేవారు. తర్వాతి విభాగంవాళ్లకి ఏం కావాలో ఎవరికీ పట్టేది కాదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ గుట్టల సందుల్లో ఒదిగి ఒదిగి నడిచినందుకు, ఇంట్లో కూడా పీతలా పక్కవాటుగా నడుస్తున్నాడని భార్య నవ్వేది.

ఆరు నెలల కిందట ఇంజనీరమ్మ వచ్చింది. ఆయన కూతురి వయసు. "విభాగానికీ విభాగానికీ మధ్య రెండేసి ట్రేలు చాలు బాబాయ్. ఒకటి ఖాళీ అయి వెనక్కి వస్తేనే మళ్లీ చెయ్యాలి," అంది. సరుకు తగ్గితే స్టోరు ఉండదు, స్టోరు లేకపోతే తనూ ఉండడు. రెండ్రోజులు ఆయనకి తిండి సహించలేదు.

మూడో రోజు ఆమే వచ్చి, బోర్లించిన ట్రే మీద కూర్చుంది. "మీకు తెలిసినంత నాకు తెలీదు. ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి."

ఇన్నేళ్లలో ఆయన్ని 'అది తెచ్చివ్వు' అన్నవాళ్లే గానీ, 'చెప్పండి' అన్నవాళ్లు లేరు. బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"రంగు దగ్గర మూడు పెట్టమ్మా. ముసురు పట్టిందంటే రంగు ఓ పట్టాన ఆరదు."

ఆమె పైవాళ్లతో పోట్లాడి మరీ మూడోది పెట్టించింది.

ఇవాళ పొద్దుటినుంచీ ముసురే. రంగు వేలికి అంటుకుంటూనే ఉంది. బిగింపులో ఒక ట్రే అయిపోయింది, మధ్యాహ్నానికి రెండోదీ ఖాళీ. ఒక్క పూట పని ఆగితే చాలు, పాత గుట్టలే నయమంటారు పైవాళ్లు. చేతిలో మూత పట్టుకుని బాబాయ్ అలాగే నిలబడిపోయాడు. మూడో ట్రేలో నాలుగు పంపులు మిగిలి ఉండగా, రంగు వైపు నుంచి, ఆరిన పంపులతో వస్తున్న బండి చక్రాల చప్పుడు వినిపించింది.

"బతికించావు బాబాయ్!" అని బిగింపు అక్క కేకేసింది.

సాయంత్రం బీరువా పక్కకి జరిపితే దాని వెనక కిటికీ బయటపడింది. అంత పెద్ద కిటికీ అక్కడుందని ఆయనకే తెలీదు. రేపటినుంచి బిగింపు బల్లలు ఇక్కడికే వస్తాయి. ట్యూబులైటు కింద కళ్లు చికిలించి ఇరవయ్యేళ్లు పనిచేసిన అక్క, ఆ వెలుతురులో చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"స్టోరు ఎత్తేసినా మిమ్మల్ని ఇంకో విభాగంలో వేయిస్తానన్నాను కదా బాబాయ్, ఎందుకు వద్దన్నారు?" అంది ఇంజనీరమ్మ.

"ఇన్నేళ్ల ఉద్యోగం చాల్లేమ్మా, ఇంటి దగ్గర ఆవిడ ఎదురుచూస్తుంటుంది. స్టోరు నిండుగా ఉన్నన్నాళ్లూ నాకేం తెలుసో నాకే తెలీలేదు. నువ్వు అడిగావు. చల్లగా ఉండు తల్లీ."

చేతులు కడుక్కుని, మంచినీళ్లు తాగి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

కిటికీ గట్టు మీద ఆయన బోర్లించి వెళ్లిన స్టీలు గ్లాసు అంచునుంచి నీళ్లు జారి, దుమ్ములో గుండ్రంగా తడి గీత గీస్తున్నాయి.