ప్రింటరు లేని ఇల్లు

టీచరు గారి లాప్‌టాప్ అడుగు మూత విప్పేసరికి ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము దూదిపింజలా ముద్దకట్టి ఉంది. దాన్ని బ్రష్షుతో మెల్లగా లాగుతుంటే, కౌంటరు దగ్గర మా ఆయన ఎవరితోనో అంటున్న మాట వినిపించింది. "లోపల మా ఆవిడ ఉందిలెండి. దుమ్మూ ధూళీ తను చూసుకుంటుంది. అసలు పని నేను చేస్తాను."

ఆ మాట నాకు కొత్త కాదు. మా కంప్యూటర్ రిపేరు షాపు కింద, ఇల్లు పైన. షాపు వెనకగదిలో నా బల్ల. ఆగిపోయిన మిషన్లకు ప్రాణం పోసేదీ, వైరస్ పట్టినవాటిని ఉతికి ఆరేసేదీ, పోయాయనుకున్న పెళ్ళిఫొటోల్ని వెతికి తెచ్చేదీ నేనే. ఈ పని నేను పెళ్ళికి ముందే నేర్చుకున్నాను. నా పని చూశాకే ఆయనకు షాపు పెట్టాలన్న ఆలోచన వచ్చింది. అయినా బాగైన మిషన్ని కౌంటరు మీద పెట్టి, దీని అంతు చూడ్డానికి తలప్రాణం తోకకొచ్చిందండీ అని చెప్పుకునేది ఆయన. కౌంటరులో నేనుంటే వచ్చినవాళ్ళు "సార్ లేరా?" అని నా భుజం మీదుగా లోపలికి చూస్తారు. పైకి వెళ్తే అత్తగారు, ఊరందరి పెట్టెల్లో దుమ్ము దులుపుతావు గానీ మన కిటికీలకు నీ చెయ్యి తగలదంటుంది. కిందా పైనా నేను దుమ్ము మనిషినే.

ఆ లాప్‌టాప్‌ని తెచ్చింది టీచరు గారు కాదు, ఆవిడ భర్త. మిషన్ నెమ్మదిగా ఉందని ఇచ్చి, మా ఆయన్ని షాపు బయటికి పిలిచి చాలాసేపు మాట్లాడి వెళ్ళాడు. మా ఆయన దాన్ని కాసేపు తన దగ్గరే ఉంచుకుని, తరవాత నా బల్ల మీద పెట్టాడు. లోపలి సంగతంతా తను చూశాననీ, నేను ఫ్యాను ఒక్కటీ తుడిచి మూత బిగించేస్తే చాలనీ చెప్పాడు. 'చాలు' అన్న మాటను ఆయన రెండుసార్లు అన్నాడు. అదే నాకు నచ్చలేదు.

మూత బిగించాక అలవాటు కొద్దీ ఆన్ చేశాను. ఏ పనీ చెప్పకుండానే అది రొప్పుతోంది. ఫ్యాను శుభ్రంగా ఉంది, మరి ఈ ఆయాసం దేనికి? లోపల ఏమేం నడుస్తున్నాయో చూస్తే, ప్రింటరు పేరు పెట్టుకున్న ప్రోగ్రాం ఒకటి కనిపించింది. ఆ మిషన్‌కి ఏనాడూ ప్రింటరు తగిలించలేదు. కూపీ లాగాను. తెర మీద ఏముంటే దాన్ని అది ఫొటో తీస్తోంది. ఏ అక్షరం నొక్కితే దాన్ని రాసుకుంటోంది. అన్నీ మూటగట్టి బయటికి పంపిస్తోంది. యాంటీవైరస్ దీన్నెందుకు వదిలేసిందా అని చూస్తే, దీని జోలికి వెళ్ళొద్దని ఎవరో దానికి చెప్పిపెట్టారు, కాపలా కుక్కకు దొంగను మన చుట్టమేనని చూపించినట్టు. అది మిషన్లోకి ఎక్కింది ఆ రోజే, మా షాపులో ఉండగానే.

కౌంటరు ఖాళీ అయ్యాక అడిగాను. ఆయన తడుముకోలేదు. ఆవిడ భర్తే పెట్టమన్నాడట. ఈమధ్య ఇలాంటివి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారట. మనం కాదంటే వీధి చివరి షాపువాడు సంతోషంగా చేసిపెడతాడట. ఆవిడకు తెలుసా అన్నాను.

"తెలిస్తే ఇంకెందుకూ?" అని నవ్వాడు. "చూడు, మొగుడూ పెళ్ళాల మధ్య మనం వేలు పెట్టకూడదు."

"పెట్టాం కదా" అన్నాను.

ఆ నవ్వు ఆగిపోయింది. నాకు చూసిన ప్రతిదాని మీదా అనుమానమేననీ, తప్పు చెయ్యని ఆడది ఇలాంటివాటికి భయపడనక్కర్లేదనీ అన్నాడు. అని, నా మొహం కేసి ఉండాల్సిన దానికన్నా ఎక్కువసేపు చూశాడు. ఆ చూపు నా వెనకే మెట్లెక్కి పైకి వచ్చింది.

గిన్నెలు తోముతున్నానన్న మాటే గానీ మనసు అక్కడ లేదు. ఏవేవో మాటలు, ఎప్పుడెప్పటివో, ఒకదాన్నొకటి పట్టుకుని బయటికొస్తున్నాయి. పోయినేడు కంప్యూటరు తెర మీద ఒక ముదురాకుపచ్చ చేతిసంచి చూసి ముచ్చటపడ్డాను. తెరిచి చూసుకోవడం, మూసెయ్యడం, చివరికి మనకెందుకులే అని మానేశాను. ఎవరితోనూ అనలేదు. నా పుట్టినరోజుకు ఆయన అదే సంచి, అదే రంగు తెచ్చాడు. అడక్కుండానే మనసు కనిపెట్టే మొగుడని చెల్లి దగ్గర ఎంత గొప్పలు పోయానో. అత్తగారి మాట పడలేక చెల్లికి పెద్ద మెయిలు రాసుకున్న మర్నాడు, అమ్మ మాటలు మనసులో పెట్టుకోకు అని ఆయన నా తల నిమిరాడు. చెప్పకుండానే అర్థం చేసుకున్నాడని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తరవాతెప్పుడో, కాలేజీ లాబులో మిషన్లు చూసుకునే ఉద్యోగానికి గుట్టుగా దరఖాస్తు పంపాను. ఆ వారమే భోజనం దగ్గర, ఏ సందర్భమూ లేకుండా, కాలేజీ కుర్రాళ్ళ మధ్య ఆడవాళ్ళు ఎలా నెట్టుకొస్తారో పాపం అన్నాడు. నేను గరిటె పట్టుకుని తలొంచుకున్నాను. కాలేజీ నుంచి జవాబు రాలేదు. నేను వాళ్ళకు పనికిరాలేదని సర్దిచెప్పుకున్నాను.

చేతులు తుడుచుకుని గదిలోకి వెళ్ళాను. అక్కడి కంప్యూటరు నేను షాపులో మిగిలిపోయిన భాగాలతో కూర్చుకున్నది. వాడేదాన్ని నేనొక్కదాన్నే. కిందంతా కంప్యూటర్లే కదా, నాకు దాంతో పనేముందంటాడు ఆయన. ఊరందరి మిషన్లలో దొంగల్ని వెతికాను గానీ నా మిషన్లో ఏనాడూ వెతకలేదు. వెతకాలని తోచలేదు.

ఎంతోసేపు పట్టలేదు. అదే ప్రింటరు పేరు. మా ఇంట్లోనూ ప్రింటరు లేదు.

ఏడుపు రాలేదు. ముందు సిగ్గేసింది. ఎన్నాళ్ళుగానో కిటికీ రెక్క తెరిచి ఉండగానే స్నానం చేస్తున్నానని ఇప్పుడు తెలిసినట్టు. తప్పు చూసినవాడిది కదా, సిగ్గు నాకెందుకు? తెలుసు, అయినా వేసింది. ఆ తరవాత అనుమానాలు బారులు తీరాయి. కాలేజీవాళ్ళు అసలు జవాబే రాయలేదా, రాసింది నా కంటపడకుండా పోయిందా? చెల్లి ఈమధ్య ముభావంగా ఉంటోంది, నా పేరుతో తనకు ఇంకెవరైనా ఏమైనా రాశారా? ఆయన నన్ను ప్రేమగా చూసిన ప్రతి సందర్భాన్నీ తీసి వెలుతురులో పెట్టి చూసుకోవాల్సి వచ్చింది. ఏది ప్రేమో, ఏది చదివి తెలుసుకున్నదో విడదీయలేకపోయాను. అన్నిటికన్నా అదే ఎక్కువ బాధపెట్టింది.

ఆ రోజు దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆయన జాగ్రత్తపడతాడు, టీచరు గారి లాప్‌టాప్ నా చేతికి అందకుండా పోతుంది.

మర్నాడు మా ఆయన ఏదో ఆఫీసులో మిషన్లు చూడ్డానికి వెళ్ళాడు. ఆయన లేనప్పుడు టీచరు గారే స్వయంగా వచ్చింది, చంకలో దిద్దాల్సిన పేపర్ల కట్టతో. దీనికేమైందండీ అని అడిగింది. ఫ్యానులో దుమ్మండీ అన్న జవాబు నా నోటిదాకా వచ్చింది. అదీ అబద్ధం కాదు. ఎవరికీ చెప్పకుండా నేనే తీసేసి పంపించినా సరిపోతుంది. కానీ ఈవిడ భర్త మళ్ళీ పెట్టిస్తాడు, ఈవిడకు మళ్ళీ తెలియదు. ఆవిణ్ణి లోపలికి రమ్మని, నా బల్ల పక్కన కుర్చీ వేసి, ఉన్నది చూపించాను.

ఆవిడ ఆ ప్రింటరు పేరును రెండుసార్లు చదువుకుంది. "నాకు బాగానే నడుస్తోందండీ" అంది చివరికి. "నెమ్మదిగా ఉందని ఆయనే పట్టుబట్టాడు. ఎక్కడ పెట్టారు దీన్ని?"

"ఇక్కడే. మా ఆయన పెట్టాడు. మీవారు అడిగితే."

ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది. లాప్‌టాప్ మీదున్న నా చేతుల కేసి చూసింది. "మరి మిమ్మల్ని ఎందుకు నమ్మాలి నేను? ఇది తీసేసి ఇంకోటి పెట్టరని ఏమిటి?"

నాకు చురుక్కుమంది. కానీ నిన్నటినుంచీ నేను అడుగుతున్న ప్రశ్న కూడా అదే.

"నమ్మకండి" అన్నాను. "మౌసు మీరే పట్టుకోండి. ఎక్కడ వెతకాలో చెప్తాను. తీసెయ్యడం మీరే తీసెయ్యండి."

చేతులు ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుని చెప్పాను. ఆవిడ ప్రతిదీ ఎందుకని అడిగింది, అడిగి అర్థమయ్యాకే నొక్కింది. మిషన్ ఆన్ అవగానే వాటంతటవే లేచేవి ఏవో చూసుకోవడం, యాంటీవైరస్‌ని ఎవరైనా కళ్ళు మూసుకోమన్నారేమో వెతకడం, పాస్‌వర్డ్‌లు ఇంటినుంచి కాకుండా స్కూలు కంప్యూటర్ నుంచి మార్చుకోవడం, అన్నీ చెప్పాను. ఇది పోయిందని మీవారికి తెలిసిపోతుంది, ఇంటికెళ్ళడానికి భయమేమైనా ఉందా అని కూడా అడిగాను.

"చెయ్యెత్తే మనిషి కాదండీ" అంది. పేపర్ల కట్ట సర్దుకుంటూ, "చాటున చెవి ఒగ్గే మనిషి. తెలియనివ్వండి" అంది.

వెళ్ళేటప్పుడు థాంక్స్ చెప్పలేదు. గుమ్మంలో ఆగి, స్కూల్లో తనలాంటి వాళ్ళు ఇంకొందరు ఉన్నారనీ, ఇలాగే పక్కన కూర్చోబెట్టి చూపిస్తానంటే తీసుకొస్తాననీ అంది. తీసుకురమ్మన్నాను.

ఆవిడ వెళ్ళగానే పైకి వెళ్ళి నా మిషన్ పని పట్టాను. ప్రింటరు పేరుతో ఉన్నదాన్ని ఊడబెరికాను. పాస్‌వర్డ్‌లన్నీ మార్చాను. కాలేజీవాళ్ళ జవాబు కోసం ఇక తెర ముందు కూర్చోదలచుకోలేదు, పొద్దున్నే నేనే వెళ్ళి అడుగుతాను. చెల్లికి మాత్రం ఫోన్ చేశాను. నా గొంతు విని, నువ్వేనా అక్కా అంది. ఆ ప్రశ్నకు కారణం తరవాత నిదానంగా అడగాలనుకున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికే టీచరు గారి భర్త ఫోన్ చేసినట్టున్నాడు. మా ఆయన వస్తూనే షాపు పరువు బజారుకీడ్చానన్నాడు. రేపటినుంచి మనల్ని ఎవరు నమ్ముతారన్నాడు. అరవలేదు, పళ్ళ బిగువున అన్నాడు. ఇకమీదట ఏ మిషన్నయినా దాని మనిషి నా పక్కన కూర్చుంటేనే విప్పుతాననీ, అలా కుదరకపోతే ఫ్యాన్లు కూడా ఆయనే తుడుచుకోవాలనీ చెప్పాను. ఆయన నన్ను ఎప్పుడూ చూడనట్టు చూసి, విసవిసా పైకి వెళ్ళిపోయాడు.

నేను నా బల్ల దగ్గరే కూర్చున్నాను. పైన నా కంప్యూటరు ముందు కుర్చీ లాగిన చప్పుడైంది. కాసేపటికి మళ్ళీ కుర్చీ చప్పుడు. మెట్ల మీద సగం దాకా దిగి ఆగాడు.

"పైన కంప్యూటర్‌కి ఏమైంది?" అన్నాడు.

తలెత్తి ఆయన కళ్ళలోకి చూశాను. తనేం అడిగాడో తనకే అప్పుడు అర్థమైనట్టుంది.

"ఏమీ కాలేదు" అన్నాను. "బాగైంది."