పేరున్న గిన్నె

ఈ ఉదయం మా వంటింట్లోని స్టీలు గిన్నెలన్నిటి మీదా ఒకే పేరు చెక్కి ఉంది. దా. కృపానందం. నా పేరు భీమశంకరం.

నిన్నటిదాకా వాటి మీద ఉన్నది నా పేరే. ఉద్యోగం వచ్చి ఈ ఊళ్లో గది తీసుకున్నప్పుడు అమ్మ గిన్నెల కొట్లో స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కదాని మీదా దగ్గరుండి వేయించింది. మిషన్ సూది గీమంటూ చుక్క చుక్కగా పేరు పొడుస్తుంది. ఇప్పుడు బొటనవేలితో తడిమి చూస్తాను. కృపానందం చుక్కలు పాతవి. తోమి తోమి అరిగిపోయి ఉన్నాయి.

ఇవాళ ఆఫీసులో అందరం తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి భోంచేస్తాం. మా సూపరింటెండెంటు సుగుణమ్మగారు నోటీసు బోర్డుకి అంటించిన కాగితంలో పదిహేడు పేర్లున్నాయి. ప్రతి పేరు పక్కనా ఒక వంటకం. నా పేరు పక్కన ఖాళీ. అడుగున ఎర్రసిరాతో ఒక వాక్యం: గిన్నెలు కలిసిపోకుండా ఎవరి పేరున్న గిన్నెలో వారే తేవలెను.

ఏం తేవాలా అని పదకొండు రోజులుగా ఆలోచిస్తున్నాను. పులిహోర నలుగురు తెస్తున్నారు. గుత్తివంకాయ బస్సులో కారుతుంది. చేపల పులుసు సగంమంది తినరు. గారెలు చల్లారితే ఎవరూ ముట్టరు. ఎవరూ ముట్టని గిన్నెను సాయంత్రం మోసుకెళ్లే మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అద్దంలో చూశాను.

నిన్న పక్క సీటు రహంతుల్లాను అడిగాను, మీరేం తెస్తున్నారని.

"పేపర్ ప్లేట్లు. ఉప్పు తక్కువైందని ఎవడూ అనడు."

"నన్నేం తెమ్మంటారు?"

"ముందు మీరు రండి గురూగారూ. పోయినసారి ఏం తేవాలో తేలక సెలవు పెట్టేశారు."

చివరికి దద్దోజనం కలుపుతాను. మిరియాలు, అల్లం, కాస్త ఇంగువ పోపు. కృపానందం గిన్నెలోకే ఎత్తుతాను. వేరే గిన్నె లేదు.

మీటింగు గదిలో బల్లలు కలిపి వేశారు. ఒక్కో గిన్నె పెట్టగానే బల్ల జానెడు పొడుగు సాగుతోంది. సుగుణమ్మగారు గుమ్మంలో నిలబడి, ముందు గిన్నె మీద పేరు చదివి, తర్వాత మనిషిని పలకరిస్తున్నారు. నేను పేరు మీద బొటనవేలు ఆనించి పట్టుకుంటాను.

"వేలు తీయండి."

తీస్తాను.

"రండి కృపానందంగారూ! ఏం తెచ్చారు?"

"దద్దోజనం. నేను భీమశంకరాన్నండీ."

ఆవిడ గడియారం చూస్తారు. "భీమశంకరంగారు ఇంకా రాలేదు."

"ఆయన రాడండీ," అంటాడు రహంతుల్లా నా కళ్లలోకి చూస్తూ. "ఏం తేవాలో ఇంకా ఆలోచిస్తూ ఉంటాడు."

"గిన్నెలన్నీ కడిగేలోపు రాకపోతే కాగితంలో పేరు కొట్టేస్తాను," అంటారు ఆవిడ. పెన్సిలు చెవి వెనక సిద్ధంగా ఉంది.

దద్దోజనం అందరికీ నచ్చింది. మారు వడ్డించుకుంటున్నారు. "కృపానందంగారి చెయ్యే చెయ్యి," అంటారెవరో. "అబ్బే, ఏముందండీ," అంటాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. నేనింకా ఏమీ తినలేదు.

మనిషి తన పేరును లోపలెక్కడో దాచుకుంటాడని అనుకునేవాణ్ణి. లేదు. అది పైపైనే ఉంటుంది, చుక్కల్లో.

కుళాయి తిప్పిన చప్పుడు. మొదటి గిన్నె కడిగి బోర్లించారు.

నా పేరున్న గిన్నె ఒక్కటైనా ఉంటుందని బల్ల వెంట వెతుక్కుంటూ నడుస్తాను. పులిహోర గిన్నెలు, పప్పు గిన్నెలు, పచ్చడి గిన్నెలు. బల్ల గది దాటి రికార్డు రూములోంచి సాగిపోతోంది. గిన్నెలు అంతకంతకూ చిన్నవవుతున్నాయి. వెనక ఒక్కొక్కటే బోర్లిస్తున్న చప్పుడు. తొమ్మిది. పది. బల్ల చిట్టచివర దుమ్ములో ఒక ఉగ్గుగిన్నె ఉంది. పసిపిల్ల నోట్లో పెట్టే సన్నటి ముక్కుతో, నా అరచేతిలో ఇమిడేంత. మీద చుక్కల్లో భీమశంకరం. లోపల ఉగ్గు వెచ్చగా ఉంది.

ఒలకకుండా రెండు చేతులా పట్టుకుని వెనక్కి పరిగెడతాను. వెళ్లేటప్పుడు నడుము దగ్గరున్న బల్ల, వచ్చేటప్పుడు నా తలకంటే ఎత్తుగా ఉంది. పదిహేను. పదహారు.

సుగుణమ్మగారు బాగా కిందికి వంగి, నా చేతుల్లోని పేరు చదువుతారు.

"వచ్చారా భీమశంకరంగారూ! ఏం తెచ్చారు?"

"ఉగ్గు."

"ఇది పదిహేడు మందికి రాదే."

"ఒక్కరికి సరిపోద్దండీ," అంటాడు రహంతుల్లా.

ఆవిడ కాగితంలో నా పేరు పక్కనున్న ఖాళీలో ఉగ్గు అని రాస్తారు. పేరు కొట్టలేదు. నాకు ప్రాణం లేచొస్తుంది.

తర్వాత ఆవిడ నేల మీద కూర్చుని కాళ్లు చాపుకుంటారు. "పడుకోండి."

ఆవిడ కాళ్ల మధ్య పల్లంలో నేను సరిగ్గా సరిపోతాను. ఉగ్గుగిన్నె ముక్కు నా చిగుళ్లకు తగులుతుంది. పళ్లు లేవు. "కదలకండి గురూగారూ," అని రహంతుల్లా నా రెండు పాదాలూ ఒక్క చేత్తో పట్టుకుంటాడు. ఒక్క చుక్క మిగలకుండా పోస్తారు. ఖాళీ ఉగ్గుగిన్నె మీద ఇప్పుడు పేరు లేదు. తర్వాత నన్ను కుళాయి కింద లోపలా బయటా కడిగి, పాత పేపరు మీద గిన్నెల వరసలో బోర్లిస్తారు.

నా అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. గీమనే చప్పుడు వరస వెంట దగ్గరవుతోంది.

"దీని మీద పేరు లేదండీ," అంటాడు సూది పట్టుకున్నవాడు. "ఏం వేయమంటారు?"

అందరూ చుట్టూ వంగి, నా మొహం ఏ వైపుందో వెతుకుతారు. ఆ పేరు నాకు తెలుసు. నేనే చెప్పాలి. ఎంత కడిగినా నోటినిండా ఇంకా ఉగ్గు ఉంది.

సూది ఆనుతుంది. నేను ఖంగుమని మోగుతాను.