సున్నం గోడ మీది నీడ

కాటమయ్య కల్లు గీతకు ముప్ఫై ఏళ్లుగా తాటిచెట్లు ఎక్కుతున్నాడు. నడుమును చెట్టుకు కలిపి పట్టే మోకు లేకుండా ఒక్కనాడూ నేల విడవలేదు. అలాంటిది ఆ పొద్దున బిడ్డ ల్యాప్‌టాప్‌లో మోకు లేకుండా ఎక్కుతున్నాడు. వెనక్కి వాలి, గాలికి ఆనుకుని, అడుగు మీద అడుగు వేస్తున్నాడు.

"ఎట్లున్నది బాపు?" అని మౌనిక అడిగింది.

తొమ్మిది సెకన్ల వీడియో బొమ్మ అది. సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక ఉదయం బావి దగ్గర ఆమే ఫోన్‌తో తీసింది. తరువాత నెల రోజులు కూర్చుని అందులోంచి మోకును తుడిచేసింది. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మల చొప్పున రెండు వందల పదహారు. ఒక్కొక్క బొమ్మలో తాడును చెరిపి, దాని వెనక ఉండాల్సిన చెట్టునూ ఆకాశాన్నీ మళ్లీ అతికించాలి. సినిమాల్లో గాల్లో ఎగిరే మనుషులకు కట్టిన తాళ్లను ఇలాగే తీసేస్తారని చెప్పింది. హైదరాబాదులో ఒక స్టూడియో పరీక్ష పెట్టింది. ఈ తొమ్మిది సెకన్లు వాళ్లకు నచ్చితే కొలువు. నచ్చకపోతే రఘునాథపల్లి పక్కన ఈ ఊరే, ఈ ఇల్లే.

కాటమయ్య తెర వైపు వంగాడు. ఆయన కళ్లు చెట్టును చూడలేదు. అలవాటు కొద్దీ పక్కకు, గోడ మీదికి పోయాయి.

నడుము వెనక మోకు ఎక్కడ కూర్చుందో ఎక్కేవాడికి కనబడదు. చెట్టుకు రెండు బారల దూరంలో మోటరు కొట్టం ఉంది. పొద్దుటెండకు ఆయన నీడ దాని సున్నం గోడ మీద పడుతుంది. మొదటి నాలుగడుగులు ఆ నీడను చూస్తూనే ఎక్కుతాడు. మోకు పైకి జరిగిందా, కిందికి జారిందా అన్నది గోడే చెప్పాలి. ఈ సంగతి ఊళ్లో మిగతా గీతగాళ్లకు కూడా తెలియదు.

తెర అంచున ఆ గోడ ఉంది. గోడ మీద ఆయన నీడ ఉంది. నీడకు మోకు ఉంది.

చెట్టు మీద తుడిచేసిన తాడు గోడ మీద అలాగే మిగిలిపోయింది. తొమ్మిది సెకన్లూ చెట్టుకూ మనిషికీ మధ్య నల్లటి గీత కదులుతూనే ఉంది.

"బాగున్నది" అన్నాడు.

మౌనిక ముఖం వెలిగింది. ఇరవై ఒక్క ఏళ్లలో ఆయన నోటి వెంట ఆ మాట వినలేదు. ఆ సాయంత్రమే పంపేసింది.

ఆయన ఆ మాట ఎందుకు అన్నాడో ఆయనకు తెలుసు. భార్య స్వరూప పోయి మూడేళ్లయింది. జ్వరం అనుకున్నది రెండు రోజుల్లో ఊపిరి దాకా వచ్చింది. జనగామ తీసుకుపోతుంటే దారిలోనే, కారు వెనక సీట్లో, ఆయన ఒళ్లో పోయింది. పోయే ముందు బిడ్డ పేరు పిలిచింది. ఆయన పదకొండు సార్లు ఫోన్ చేశాడు. పదకొండు సార్లూ మోగి ఆగింది. మౌనిక హన్మకొండలో పరీక్ష రాస్తోంది. ఫోన్ గది బయట సంచిలో ఉంది. ఆ తరువాత దినాలయ్యాయి, సంవత్సరీకాలయ్యాయి. ఆయన దాన్ని మరిచిపోలేదు. మరవాలని ప్రయత్నించనూ లేదు.

ఆమె హన్మకొండలోనే ఈ గ్రాఫిక్స్ కోర్సులో చేరతానంటే వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. పొద్దున రైలుకు పోయి సాయంత్రం వచ్చేది. మొదటి ఆరు నెలలు మనుషుల చుట్టూ గీతలు గీయడమే పని. వెంట్రుక వెంట్రుకకూ గీయాలట. తరువాత ఆకాశంలోంచి కరెంటు తీగలు తీసింది. ఒకరోజు వాళ్ల వాకిలి బొమ్మలోంచి నీళ్ల డ్రమ్మును మాయం చేసి చూపించింది. డ్రమ్ము ఉన్నచోట బండలు, బండల మధ్య నాచు కూడా సరిగ్గా వచ్చాయి. ఆయన చూసి, లేచి, నిజం డ్రమ్ములోంచి చెంబెడు నీళ్లు ముంచుకుని తాగాడు.

పోశయ్యకు మాత్రం అనడానికి చాలా ఉండేది. ఆయనా గీతగాడే.

"ఏం కాటమన్నా, మోకు లేకుంట ఎక్కుతున్నవంట. జర మాకు సుత నేర్పు. ముసలితనంల బరువు మోసుడు తప్పుతది."

"నీకెందుకురా నేర్పుడు. కల్లు తాగి సగం చెట్టు గాల్లనే ఎక్కుతవ్."

"మరి బిడ్డ పట్నం పోతే నీకు బువ్వ ఎవలు వండుతరే?"

కాటమయ్య మోకు భుజాన వేసుకుని నడిచాడు.

పన్నెండో రోజు మౌనిక మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. కాటమయ్య అరుగు మీద మోకుకు ఆముదం పట్టిస్తున్నాడు. ఆమె ఎదురుగా నిలబడి ఫోన్ చూపించింది. గోడ మీది నీడ చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి ఉంది. పని శుభ్రంగానే ఉందట, నీడను వదిలేసినందుకు తీసుకోలేదట. పాఠం చెప్పే నరేందర్ సార్ స్టూడియో వాళ్లను బతిమాలితే సోమవారం దాకా ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదే ఆఖరు.

"బాపు, నువ్వు రోజు గా గోడనే చూసుకుంట ఎక్కుతవ్ గద."

"అవ్."

"నేను చూపిచ్చిననాడు సుత గోడనే చూసినవ్. నాకిప్పుడు యాదికొస్తున్నది."

"చూసిన."

"నీడ కనబడ్డదా?"

"కనబడ్డది."

ఆమె ఫోన్ దించింది. "మరి బాగున్నదంటివేంది?"

ఆయన చేతిలోని గుడ్డను మళ్లీ నూనెలో ముంచాడు. "మీ అమ్మ పోయిననాడు పదకొండుమాట్ల ఫోన్ జేసిన."

"పరీక్షల ఉన్న. ఫోన్ బయట సంచిల ఉండె. నీకు ఎరుకే."

"ఎరుకే."

"ఎరుకుండి సుత?"

"ఎరుకుండి సుత."

ఆమె ఏడవలేదు. లోపలికి పోయి అన్నం పెట్టుకుని తిన్నది. ఆయనకు పెట్టిన గిన్నె మీద మూత పెట్టింది. కంచం కడిగి, ల్యాప్‌టాప్ తీసి, గోడకు వీపు ఆనించి కూర్చుంది. తెర ఎవరికీ కనబడకుండా కూర్చుంది. కాటమయ్య మోకుకు రెండుసార్లు నూనె పట్టించాడు. దెబ్బకు దెబ్బ తీస్తే కడుపు చల్లబడుతుందనుకున్నాడు. చల్లబడలేదు.

నాలుగు రోజులు ఆమె అలాగే పనిచేసింది. బొమ్మ చూపించలేదు, మాట అడగలేదు.

ఆదివారం పొద్దున ఆయన చెట్టు దగ్గరికి పోయి మోకు కళ్లకద్దుకున్నాడు. మూడో అడుగు మీద ఉండగా గోడ వైపు చూశాడు. నీడ కత్తితో కోసినట్టు స్పష్టంగా పడింది. గోడ తెల్లగా ఉంది, ఈ ఏడు వేసిన సున్నం. ఆయన అక్కడే ఆగాడు.

ఏటా చెట్ల గీత మొదలుపెట్టే ముందు ఆ గోడకు సున్నం వేసేది స్వరూప. కొట్టం లోపల పెచ్చులూడినా పట్టించుకునేది కాదు, ఆ ఒక్క గోడకే వేసేది. నీడ మసకబడితే నీ నడుము నాకు దక్కదు అనేది. ఆమె పోయాక మూడేళ్లలో ఆ గోడకు సున్నం ఎవరు వేస్తున్నారో ఆయన అడగలేదు. ఇంట్లో ఉన్నది ఇంకొక్క మనిషే.

కల్లు లొట్టి దించకుండానే కిందికి దిగాడు.

ఇంటికి వచ్చేసరికి మౌనిక తెర నిండా బొమ్మ పెట్టుకుని ఆఖరుసారి చూసుకుంటోంది. ఆయన చెప్పులు విడిచి, వెళ్లి ఆమె పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె తెర మూయలేదు, ఆయన వైపు తిరగనూ లేదు.

నీడకు మోకు లేదు. గోడ శుభ్రంగా ఉంది. ఆయన మళ్లీ చూపించమన్నాడు. మూడోసారి చూస్తూ వేలు పెట్టాడు.

"గీడ చెట్టు పొట్టు రాలుతున్నది."

"కాళ్లు ఆనితే రాలదా?"

"కాళ్లు ఇటుదిక్కున్నయ్. పొట్టు అటుదిక్కు రాలుతున్నది. అటుదిక్కు చెట్టుకు రాసుకునేది మోకొక్కటే."

ఆమె తెరకు దగ్గరగా వంగింది. చెట్టు అవతలి పక్క నుంచి, ఆయన అడుగు వేసినప్పుడల్లా, ఎండలో మెరుస్తూ సన్నటి పొట్టు జారుతోంది. మోకు లేని చెట్టును మోకు ఒరుసుకుంటోంది.

"ఎన్నిచోట్ల?"

"అడుగుకొక్కసారి. ఏడడుగులు."

ఆమె కూర్చున్నచోటు నుంచి లేవలేదు. పొద్దు వాలే దాకా ఏడుచోట్ల పొట్టు తుడిచింది. ఆయన పక్కనే ఉండి, ఇక్కడ మిగిలింది, అక్కడ మిగిలింది అని చెప్పాడు. ఆ పూట వంట ఆయనే వండాడు. పప్పు మాడింది. ఇద్దరూ తిన్నారు.

కొలువు వచ్చింది. పోయేనాడు ఆయన సంచి మోసుకుని స్టేషను దాకా వచ్చాడు. రైలు కనబడ్డాక మౌనిక అన్నది: "నువ్వు 'బాగున్నది' అన్నది నేను మర్వ బాపు."

"నేను సుత మర్వ" అన్నాడు కాటమయ్య.

ఏ సంగతి మరవడో చెప్పలేదు. ఆమె సంచి అందుకుని రైలెక్కింది.

మరుసటి ఏడు సున్నం ఆయనే వేసుకున్నాడు. చేతకాక చారలు చారలుగా వచ్చింది, కానీ నీడ కనబడుతోంది. ఇక ఆదివారాలు ఆయన ఫోన్‌కు చిన్న చిన్న బొమ్మలు వస్తాయి. స్టూడియోవి బయటికి పంపకూడదట, తీరిక దొరికినప్పుడు సొంతంగా చేసుకున్నవి పంపుతుంది. కింద ఒక్క ముక్కా రాయదు. ఆయన అరుగు మీద కూర్చుని నాలుగైదుసార్లు చూస్తాడు. ఐదో తరగతి చదువుతో అక్షరం అక్షరం వెతికి కొడతాడు. 'బర్రె తోక ఆగింది.' 'నీళ్లు పైకి పోతున్నయ్.' తప్పేమీ దొరకకపోతే 'ఏం లేదు' అని పంపుతాడు.

బాగున్నది అని మళ్లీ ఎన్నడూ రాయలేదు. ఆ 'ఏం లేదు' వచ్చే దాకా ఆమె ఆ బొమ్మను ఇంకెవరికీ చూపించదు.