పట్టపగలు లైట్లు

పోనీ, వాళ్లిద్దరి మధ్యా ఏదైనా ఉన్నా బాగుండేది. ఉంటే ఏడవచ్చు, అరవచ్చు, అమ్మకు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. విన్నవాళ్లు అయ్యో పాపం అంటారు. ఏమీ లేదని తెలిసి తెలిసీ కడుపు మండుతుంటే ఏమని చెప్పుకోవాలి? అద్దెకు చూడటానికి వచ్చిన ఇంటి గుమ్మంలో, విడిచిన చెప్పులను ఓ వారగా సర్దుతూ ఆమె అనుకుంటున్నది ఇదే. తనవీ, భర్తవీ అయ్యాయి. ఇల్లు చూపిస్తున్న ఏజెంటు బూట్లు కూడా చేతిలోకి వచ్చేశాయి. ఈ పరాయి దేశపు మనిషి బూట్లు తనెందుకు సర్దుతోందో ఆమెకే అర్థం కాలేదు.

లోపల భర్త వీడియో కాల్ పెట్టి గదులన్నీ తిరుగుతున్నాడు. అవతల ఉన్నది అతని ఆఫీసులో పనిచేసే ఆవిడ. మన మనిషే, వీళ్లకంటే చాలా ముందు ఇక్కడికి వచ్చింది.

"ఇదండీ హాలు. మీకెలా అనిపిస్తోంది?" అని అడిగాడు.

ఆ గొంతు ఆమెకు కొత్త. అంత మెత్తగా, జవాబు కోసం ఆగి మరీ అడగడం అతనికి వచ్చని ఇన్నేళ్లూ తెలియలేదు. ఇంట్లో అతను ప్రశ్నలు వేయడని కాదు. ఎక్కడ పెట్టావు, ఎప్పుడవుతుంది, ఎందుకు చెప్పలేదు. ఎక్కడా, ఎప్పుడూ, ఎందుకూ అన్నీ ఆమె వాటాకు వచ్చాయి. 'ఎలా' ఒక్కటి మాత్రం ఆవిడకు వెళ్లిపోయింది. మొగుడి మీద కాదు, ఒక్క ముక్క ప్రశ్న మీద ఇంత కుళ్లు పుట్టిందంటే నవ్వుతారు. తనకే నవ్వొచ్చింది, కానీ మంట తగ్గలేదు. ఆవిడ తన ఇల్లు ఒక్కతే తిరిగి వెతుక్కుందట. మధ్యాహ్నం దాకా ఎండ పడే కిటికీ పక్కన బల్ల వేసుకుందట. అన్నం తింటూ ఎంత మురిపెంగా చెప్పాడో. తను మాత్రం చేస్తున్న టీచరు ఉద్యోగం మానేసి, అతని వెంట మూడిళ్లు మారి సర్ది, ఇప్పుడు దేశాన్నే పెట్టెల్లో సర్దుకుని వచ్చింది. "మా కోడలిని ఎక్కడ పడేసినా సర్దుకుంటుంది" అని అత్తగారు వచ్చిన వాళ్లందరితో చెప్పేది. ఆ మాటకు ఒకప్పుడు పొంగిపోయింది కూడా.

ఆమె లోపలికి వచ్చేసరికి వంటింట్లో అతను ఫోన్‌ను అలమరల మీదుగా తిప్పుతుంటే ఆవిడ అడిగింది. "మీ ఆవిడ ఏమంటున్నారండీ?"

"తనదేముందండీ, ఎక్కడైనా సర్దుకుంటుంది."

నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అందుకే ఆమెకు మరీ ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా రాని ప్రశ్న ఎట్టకేలకు వస్తే, అదీ ఆవిడ దయతో రావాలా? మంచిది కూడా అయి కూర్చుంది, ఇక తిట్టుకోవడానికైనా లేదు.

ఏడుపు కనిపించకుండా కిటికీ వైపు తిరిగింది. చెయ్యి చాపితే పక్కింటి గోడ తగిలేలా ఉంది. బయట మెట్ల మీద ఎండ కళ్లు చెదిరేలా కాస్తోంది కదా, మరి ఇక్కడ ఈ వెలుగెక్కడిది? తలెత్తింది. లైటు. హాల్లోనూ, పడగ్గదిలోనూ లైట్లే. వీళ్లు రాకముందే ఏజెంటు అన్నీ వేసి ఉంచాడు.

పొద్దున్నే వెళ్లిపోయి దీపాలు పెట్టాక వచ్చే అతనికి ఈ ఇల్లు ఎప్పుడూ ఇలాగే వెలుగుతూ కనిపిస్తుంది. పగలంతా ఇందులో ఉండేది తను. లైటు వేసుకుని కూర్చుంటే ఏమంటాడో కూడా తెలుసు. ఇప్పుడుంటున్న గదిలో రోజూ అనేదే. "పట్టపగలు లైటెందుకు, దండగ."

"ఆవిడకు నచ్చిందట, ఖాయం చేసేద్దాం" అన్నాడు అతను ఆమె వైపు చూడకుండానే.

ఆమె హాల్లోకి నడిచి అక్కడి లైటు ఆర్పింది. పడగ్గదిది ఆర్పింది. తిరిగి వచ్చి వంటింటి స్విచ్చు కూడా నొక్కింది.

"ఏమైందండీ, ఏమీ కనబడటం లేదు" అంది ఫోన్లోంచి ఆవిడ. ఆ మసకలో ఆవిడ ముఖం ఒక్కటే అతని అరచేతిలో వెలుగుతోంది.

ఆమె స్విచ్చు మీంచి చెయ్యి తీయకుండా భర్తను అడిగింది.

"ఇప్పుడెలా ఉంది?"