కల్లం అయ్యాక

గుంటూరులో చర్మం డాక్టరమ్మ మా నస్రత్ బుగ్గల మీది గుంటల్ని లైటు వేసి చూసింది.

"మొటిమల్ని ఇంతలా ఎందుకు గోకావమ్మా?"

"ఊరికే, అలవాటండి," అంది నా కూతురు.

అలవాటు కాదు. వాళ్లమ్మ రసూల్‌బీ ఉన్నప్పుడు మిరపకాయల తొడిమలు తీసే ముందు పిల్ల చేతులకు నూనె రాసేది, ముఖానికి గుడ్డ కట్టేది. ఆమె పోయాక నస్రత్ నూనె అడిగితే, "కూలోళ్లకు లేని సోకు నీకెందుకే?" అన్నాను. ఆ కారం చేతులతోనే మొటిమల్ని గోక్కుంది.

గుంటలు పూర్తిగా పోవనీ, తగ్గుతాయనీ డాక్టరమ్మ చెప్పింది. ముందు కొత్త మొటిమలు రాకుండా పూతమందు, తర్వాత పైచర్మం ఊడేలా పీలింగ్, లోతు గుంటలకు లేజర్.

"పీలింగ్ చేశాక ఎండా కారమూ తగలకూడదు."

"అయితే మిరప కల్లం అయ్యాక వస్తామండి," అంది నస్రత్, నా వైపు చూడకుండా.

"అది ఇక కల్లంలోకి రాదండి. మందు ఇవాళే రాయండి," అన్నాను.

"మీ నాన్న మంచాయనమ్మా," అంది డాక్టరమ్మ.

"అవునండి," అంది నస్రత్.

నాకు తలెత్తబుద్ధి కాలేదు.